కెప్టెన్ గారి బల్ల, బొగ్గు గది కంచు పతకం

నీళ్ళ మీద ఊళ్ళు – 17

కిందటి వారం టైటానిక్ మునగడంతో ఆపాం. ఈ వారం ఆ మనుషుల్ని నీళ్ళలోంచి తెచ్చుకున్న ఓడ ఎక్కుదాం. అదీ ఆరు వారాలు గడిచాక.

1912 మే 29. మధ్యధరా రేవులన్నీ చుట్టి కార్పేథియా మళ్ళీ న్యూయార్క్ చేరింది. టైటానిక్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళ కమిటీ ఒకటి ఓడ మీదికి వచ్చింది. ముందు నిలబడ్డావిడ మార్గరెట్ బ్రౌన్. గనుల్లో డబ్బు కలిసొచ్చిన డెన్వర్ ఇంటి ఇల్లాలు. తర్వాతి కాలంలో బ్రాడ్వే నాటకం వాళ్ళు ఆవిడకు 'మాలీ' అని పేరు తగిలించారు గానీ, ఉన్నన్నాళ్ళూ ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు, మాగీ అనేవాళ్ళు. ఆవిడ చేతిలో రెండు చెవుల వెండి కలశం. కెప్టెన్ ఆర్థర్ రాస్ట్రన్ చేతిలో పెట్టింది. ఆ తర్వాత సిబ్బందికి పతకాలు. ఒకరిద్దరికి కాదు, ఏప్రిల్ 15న ఆ ఓడలో పనిచేస్తున్న మూడొందల పైచిలుకు మందికీ. కెప్టెన్‌కూ పై అధికారులకూ బంగారం, తర్వాతి మెట్టు వాళ్ళకు వెండి, మిగతా అందరికీ కంచు. పతకం మీద మంచుగడ్డల మధ్యనుంచి దూసుకొస్తున్న ఓడ, దానిపైన సముద్రదేవుడి తల. వెనకవైపు ఎవరు ఎవరికి ఎందుకిచ్చారో చెక్కిన అక్షరాలు.

ఈ పతకాలకు డబ్బు టైటానిక్ కంపెనీ ఇచ్చింది కాదు. కార్పేథియా ఇంకా నడిసముద్రంలో ఉండగానే, ఒంటిమీది బట్టలతో ఎక్కినవాళ్ళు భోజనశాలలో కూర్చుని చందా పుస్తకం తెరిచారు. ఒడ్డు చేరేసరికి పదివేల డాలర్లకు దగ్గరగా వాగ్దానాలు పోగయ్యాయి. అందులో మొదటి లెక్క దిక్కులేకుండా పోయిన మూడో తరగతి వాళ్ళకు, రెండోది ఓడ సిబ్బందికి.

ప్రయాణికులే చందాలు వేసుకుని ఓడవాళ్ళను సత్కరించడమేమిటని మనకు వింతగా ఉంటుంది. నిజానికి అప్పటికే అది డెబ్భై ఏళ్ళ పాత ఆచారం.

1842 జనవరిలో చార్లెస్ డికెన్స్ లివర్‌పూల్ నుంచి బోస్టన్‌కు బ్రిటానియా అనే ఆవిరి ఓడలో వెళ్ళాడు. క్యూనార్డ్ కంపెనీ మొదటి ఓడల్లో ఒకటి. పాలకోసం ఓడ మీద ఆవును కట్టేసి ఉంచేవాళ్ళు. ఆ ప్రయాణంలో ఆయనకు సుఖమన్నది దొరకలేదు. తనకిచ్చిన గది ఎంత ఇరుకో, పరుపు ఎంత పల్చనో తర్వాత పుస్తకంలో పేజీలకు పేజీలు ఎగతాళి చేశాడు. హాలిఫాక్స్ దగ్గర ఓడ దారి తప్పి బురదమేటలో కూరుకుంది కూడా. ఎలాగో గట్టెక్కాక ప్రయాణికులు సభ పెట్టారు. అధ్యక్షుడు మల్‌గ్రేవ్ ప్రభువు, కార్యదర్శి మన డికెన్స్ గారే. కెప్టెన్ హ్యూయెట్‌కు వెండి సామాను చేయించి ఇద్దామని తీర్మానం. బోస్టన్ చేరిన వారానికి అక్కడి నాటకశాలలో నలుగురి ముందూ ఇచ్చారు. గదిని తిట్టి కెప్టెన్‌ను మెచ్చాడు. తిరుగు ప్రయాణానికి మాత్రం ఆవిరి ఓడ జోలికి పోకుండా తెరచాప ఓడ చూసుకున్నాడు.

రెండేళ్ళ తర్వాత, 1844లో, ఇంకో రచయిత. కలకత్తాలో పుట్టిన థాకరే. పి అండ్ ఓ కంపెనీ వాళ్ళు మధ్యధరా సముద్రం చుట్టివచ్చే విహారయాత్ర కొత్తగా మొదలుపెట్టారు. పేరున్న కలంవాడు ఎక్కితే పదిమంది ఎక్కుతారని లెక్క వేసి ఆయనకు టిక్కెట్టు ఉచితంగా ఇచ్చారు. ఇవాళ సోషల్ మీడియా వాళ్ళకు హోటళ్ళు ఉచితంగా గదులిస్తున్నాయని ఆశ్చర్యపోతున్నాం గానీ ఆ వ్యాపారం అప్పుడే ఉంది. థాకరే తిన్న ఉప్పు మరిచిపోలేదు. కైరో దాకా సాగిన ఆ ప్రయాణం మీద పుస్తకం రాసి, 1846లో అచ్చువేసి, కంపెనీ కెప్టెన్లలో ఒకరైన శామ్యూల్ లూయిస్‌కు అంకితమిచ్చాడు. ఆ అంకితంలో ఒక చమత్కారం ఉంది. మంచి కెప్టెన్లకు ప్రయాణికులు వెండి టీ పాత్రలూ పళ్ళేలూ ఇస్తుంటారు, రచయితల దగ్గర వెండి తక్కువ, కాగితం ఎక్కువ, కాబట్టి ఈ పుస్తకం పుచ్చుకోమన్నాడు. వెండి పాత్రల సత్కారం ఎంత మామూలైపోయిందో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

అయితే గమనించండి, వెండి ఎప్పుడూ కెప్టెన్ దగ్గరే ఆగింది. కొలిమిలో బొగ్గు వేసినవాడికి, వాంతులు కడిగినవాడికి ఏమీ రాలేదు. వాళ్ళ సంగతి బక్షీసుకు వదిలేశారు.

ఇక రెండో వైపు చూద్దాం. ఓడవాళ్ళు అతిథులకు చేసే మర్యాద. దానికి నడిబొడ్డు కెప్టెన్ గారి బల్ల.

మన పెళ్ళిళ్ళలో మొదటి బంతిలో వియ్యపువారికి వెండికంచం వేసినట్టే, పెద్ద ఓడల్లో రాత్రి భోజనానికి కెప్టెన్ కూర్చునే బల్ల దగ్గర చోటు. అది టిక్కెట్టుతో వచ్చేది కాదు. డబ్బులూ కాగితాలూ ప్రయాణికుల మంచిచెడ్డలూ చూసే అధికారిని పర్సర్ అంటారు. ఆయనా, వడ్డన పెద్ద అయిన చీఫ్ స్టీవార్డూ ప్రయాణికుల జాబితా ముందు పెట్టుకుని ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చేవాళ్ళు. ప్రభువులు, బ్యాంకర్లు, నటీమణులు, ఏటా రెండు మూడుసార్లు వచ్చే పాత ఖాతాదార్లు. మొదటి తరగతి జాబితా అచ్చువేసి అందరికీ పంచేవాళ్ళు కూడా, పక్క గదిలో ఎవరున్నారో చూసుకుని మురవడానికి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. అట్లాంటిక్ మీద ఆ సామెత నడవదు, అక్కడ కడబంతివాళ్ళకు భోజనశాలే వేరు.

టైటానిక్ కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్‌ను కోటీశ్వరుల కెప్టెన్ అనేవాళ్ళు. ఆయన నడిపే ఓడ ఏదో కనుక్కుని ప్రయాణం తేదీ మార్చుకునే షావుకార్లు ఉండేవాళ్ళని ప్రతీతి. ఏప్రిల్ 14 రాత్రి ఆయన తన బల్ల దగ్గర కూర్చోలేదు. ఫిలడెల్ఫియా వైడ్‌నర్ దంపతులు ఆయన గౌరవార్థం విందు ఇచ్చారు, ఓడలోనే ఉన్న ప్రత్యేక రెస్టారెంట్‌లో. థేయర్లు, కార్టర్లు, అమెరికా అధ్యక్షుడి సహాయకుడు మేజర్ బట్ ఆ బల్ల దగ్గరున్నారు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో స్మిత్ లేచి ఓడ నడిపే బ్రిడ్జి మీదికి వెళ్ళాడు. 11:40కి మంచుకొండ తగిలింది.

ఆ రెస్టారెంట్ గురించి ఆగి చెప్పుకోవాలి. దాన్ని నడిపింది గాటీ అనే ఇటాలియన్ గుత్తేదారు. వంటవాళ్ళూ వెయిటర్లూ అరవై మందికి పైగా ఉన్నారు. ఓడ కంపెనీ లెక్కలో వాళ్ళు ఉద్యోగులు కారు, గాటీ మనుషులు. వాళ్ళలో బతికింది ముగ్గురు: ఒక గుమాస్తా, ఇద్దరు మహిళా క్యాషియర్లు. కెప్టెన్ పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ రాత్రి చివరి ముద్ద వడ్డించిన చేతులు ఆ గాటీ మనుషులవి.

జీతాల సంగతి. స్మిత్‌కు నెలకు 105 పౌండ్లు. గదులు చూసుకునే స్టీవార్డుకు 3 పౌండ్ల 15 షిల్లింగులు. మిగతాది ప్రయాణం చివరి రోజున గది గుమ్మం దగ్గర చేతిలో పడే నాణేల మీద ఆధారం. అంటే స్టీవార్డు అసలు యజమాని కంపెనీయా, ప్రయాణికుడా అంటే చెప్పడం కష్టం. కంపెనీలకు ఆ అయోమయమే లాభం. జీతం తక్కువిస్తే మర్యాద దానంతటదే పెరుగుతుంది. సేవ అని మనం మెచ్చుకునే దాంట్లో ఆకలి పాలు ఎంతో వేరుచేసి చూసినవాళ్ళు తక్కువ.

ఏప్రిల్ 15 తెల్లవారుజాము 2:20కి టైటానిక్ మునిగింది. సిబ్బంది జీతం కూడా ఆ నిమిషంతో ఆగిపోయింది. ఇది ఆ కంపెనీ దుర్మార్గం మాత్రమే అనుకోవద్దు, అప్పటి చట్టం అంతే. ఓడ పోతే ఒప్పందం పోయినట్టు. సుమారు 900 మంది సిబ్బందిలో బతికింది 210 పైచిలుకు. పడవల్లో తెడ్లు వేస్తూ, ప్రయాణికులకు కంబళ్ళు కప్పుతూ ఉన్న ఆ గంటలకు వాళ్ళు నిరుద్యోగులు. ఓడ మునిగిన నావికుడికి రెండు నెలల దాకా జీతం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది 1920లో.

వాద్యగాళ్ళ కథ ఇంకా చేదు. వాలెస్ హార్ట్‌లీ నాయకత్వంలో ఎనిమిది మంది. ఓడ ఒరుగుతున్నా వాయిస్తూనే ఉన్నారని లోకమంతా కీర్తించింది. ఎనిమిది మందీ పోయారు. వాళ్ళను పెట్టింది లివర్‌పూల్ ఏజెన్సీ ఒకటి. ఓడలో వాళ్ళు ఎక్కింది రెండో తరగతి ప్రయాణికుల టిక్కెట్టు మీద. దాంతో పరిహారం అడిగిన కుటుంబాలకు ఇటు ఓడ కంపెనీ మావాళ్ళు కాదంది, అటు ఏజెన్సీ చెయ్యి అందించలేదు. వయొలినిస్టు జాక్ హ్యూమ్ వయసు 21. కొడుకు పోయిన పదిహేను రోజులకే, ఏప్రిల్ 30 తేదీతో అతని తండ్రికి ఏజెన్సీ ఉత్తరం వచ్చింది. మీ అబ్బాయి యూనిఫాం బాకీ ఉంది, చెల్లించండి. సంగీతకారుల సంఘం ఆ ఉత్తరాన్ని తమ పత్రికలో యథాతథంగా అచ్చువేసింది. వ్యాఖ్య అవసరం పడలేదు.

ఇప్పుడు మళ్ళీ కార్పేథియా. అర్ధరాత్రి దాటాక వైర్‌లెస్ కుర్రాడు కాటమ్ పడుకోబోతూ చెవికి తగిలించుకున్న ఫోన్లలో టైటానిక్ పిలుపు విన్నాడు. దూరం 58 మైళ్ళు. రాస్ట్రన్ లేచి ఓడ తిప్పమన్నాక ఒక్కొక్కరికీ పురమాయించిన పనులు తర్వాత అమెరికా సెనేట్ విచారణలో వరసగా చెప్పాడు. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ జాబితాలో రెండు చోట్ల కన్ను ఆగిపోతుంది.

ఒకటి, చీఫ్ స్టీవార్డుకు ఇచ్చిన ఆజ్ఞ. మనుషులందర్నీ లేపు, ముందు మనవాళ్ళకు కాఫీ తయారుచెయ్యి. రాబోయే అతిథులకు చారూ టీ కంబళ్ళూ ఆ తర్వాతి వాక్యంలో వస్తాయి. రాత్రంతా నిలబడాల్సిన మనిషి కడుపులో వెచ్చగా ఏదన్నా పడాలని తట్టిన అధికారి ఆయన. డ్యూటీ దిగి నిద్రపోతున్న కొలిమివాళ్ళు కూడా లేచి బొగ్గు గదిలోకి దిగారు. గదుల్లోకి వెళ్ళే వేడిమి, వేడినీళ్ళు ఆపించి ఆవిరంతా ఇంజన్‌కు మళ్ళించారు. 14 నాట్ల ఓడ అంతకు మించి పరిగెత్తింది.

రెండోది, వైద్యుల ఏర్పాటు. ఓడలో ముగ్గురు డాక్టర్లు. ఆంగ్లేయుడు మొదటి తరగతి భోజనశాలలో ఉండాలి, ఇటాలియన్ రెండో తరగతిలో, హంగేరియన్ మూడో తరగతిలో. ఇంకా ఎవరు బతికున్నారో తెలియదు, ఎంతమందో తెలియదు. ఏ తరగతి వాళ్ళు ఏ గుమ్మంలోంచి పోవాలో మాత్రం తెలుసు. రాస్ట్రన్‌ను తప్పుపట్టను. ఆ కాలంలో ఓడంటే అంతే, దయ కూడా మూడు గదులుగా కట్టి ఉండేది.

తెల్లవారుజామున నాలుగింటికి చేరారు. పిల్లల్ని బూడిద ఎత్తే గోనెపట్టా సంచుల్లో కూర్చోబెట్టి పైకి లాగారు, నడవలేనివాళ్ళను కుర్చీలకు తాళ్ళు కట్టి. మొత్తం ఏడొందల పైచిలుకు మంది. రాస్ట్రన్ తన గదిని ముగ్గురు వితంతువులకు ఇచ్చాడు: ఆస్టర్, థేయర్, వైడ్‌నర్ ఇళ్ళ ఆడవాళ్ళు. టైటానిక్ కంపెనీ పెద్ద బ్రూస్ ఇస్మే డాక్టరు గదిలో తలుపు వేసుకున్నాడు. మూడో తరగతి ఆడవాళ్ళూ పిల్లలూ మూడో తరగతిలోనే సర్దుకున్నారు. మిగతా జనం భోజనబల్లల మీదా కిందా పడుకున్నారు. గమనించాల్సింది, కార్పేథియా సొంత ప్రయాణికులు చాలామంది తమ గదులు వదిలేసి, పెట్టెల్లోంచి బట్టలు తీసి ఇచ్చారు. ఆ మూడు రోజులూ అతిథి ఎవరో, వడ్డించేది ఎవరో గీత కొంచెం చెరిగిపోయింది.

మే నెలలో పతకాలు వచ్చేసరికి ఆ గీత మళ్ళీ పడింది లెండి, బంగారం, వెండి, కంచుగా. అయినా నన్నడిగితే ఆ కంచు పతకమే గొప్ప. డెబ్భై ఏళ్ళుగా కెప్టెన్ చేతిలోనే ఆగుతున్న వెండి, మెట్లు దిగి బొగ్గు గదిదాకా పోవడం ఈ కథలో మనం చూస్తున్నది ఇప్పుడే. రాస్ట్రన్ తర్వాత అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం అందుకున్నాడు, 1926లో సర్ అయ్యాడు. ఆయన పేరు చరిత్రలో ఎలాగూ ఉండేది. కొలిమివాడికి ఉన్నది ఆ ఒక్క కంచు ముక్కే.

మనవాళ్ళ మాట ఏమిటని అడిగే పాఠకులు ఉన్నారు, ఉత్తరాలు కూడా వచ్చాయి. ఇండియా వైపు వచ్చే తూర్పు దారిలో, పి అండ్ ఓ, బ్రిటిష్ ఇండియా కంపెనీల ఓడల్లో అతిథులకు జరిగిన రాజోపచారమంతా మనదేశపు చేతులతోనే జరిగింది. భోజనశాలలో గోవావాళ్ళు. బొంబాయిలో దిగితే తలదాచుకోవడానికి ఊరూరి పేర వాళ్ళకు 'కూడ్'లు అనే బసలుండేవి. ఇంజన్ గదిలో పంజాబు, సిల్హెట్ వైపు వాళ్ళు. అందర్నీ కలిపి లస్కర్లు అనేవాళ్ళు. వాళ్ళ మేస్త్రీ సెరాంగ్, అతని కింద టిండల్, వంటవాడు భండారీ. తెల్లనావికుడి జీతంలో మూడో వంతో నాలుగో వంతో ముట్టేది. అదే ఓడలో దొరలకు ఎండ తగలని వైపు గదులు ప్రత్యేకంగా ఇచ్చేవాళ్ళనీ, 'పాష్' అనే మాట ఆ టిక్కెట్ల మీది నాలుగు పొడి అక్షరాల నుంచి పుట్టిందనీ ఇప్పటికీ క్విజ్‌లలో అడుగుతారు. అలాంటి టిక్కెట్టు ఒక్కటీ ఎక్కడా దొరకలేదు. ఆ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు క్షమించాలి.

ఇక కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి రంగూన్‌కు వెళ్ళిన తెలుగువాళ్ళలో అధికభాగం డెక్ ప్రయాణికులు. పై తట్టు మీద చాప పరుచుకుని, మూట తలకింద పెట్టుకుని, వాన వస్తే తడిసి. కెప్టెన్ గారి బల్ల ఎటువైపు ఉండేదో కూడా వాళ్ళకు తెలిసే అవకాశం లేదు. అది పెద్ద కథ, దాన్ని విడిగా చెప్పుకోవాలి.

ఇప్పటి విహార ఓడల్లో కెప్టెన్ బల్ల ఉంది గానీ దాని బరువు తగ్గింది. పాత ఖాతాదారును గుర్తుపెట్టుకునే పని పర్సర్ జ్ఞాపకం నుంచి కంప్యూటర్‌కు పోయింది. ఎన్ని రాత్రులు గడిపితే అన్ని పాయింట్లు, ఆ పాయింట్లకు బంగారు, వజ్రాల మెట్లు. ఒక పెద్ద కంపెనీలో అన్నిటికన్నా పై మెట్టు ఎక్కాలంటే 700 పాయింట్లు కావాలి. రాత్రికి ఒక్కటి చొప్పున లెక్కవేస్తే దాదాపు రెండేళ్ళు నీళ్ళ మీదే. బక్షీసు కూడా చాలా కంపెనీల్లో రోజువారీ రుసుముగా బిల్లులో పడిపోతోంది. పనిగంటలకు మాత్రం 2013 ఆగస్టు 20 నుంచి అంతర్జాతీయ చట్టం ఉంది. కనీసం రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. దాన్ని తిరగేసి చదివితే వారానికి ఎన్ని గంటలు పని చేయించుకోవచ్చో మీకే తెలుస్తుంది.

మా బంధువుల అబ్బాయి ఒకడు ఇలాంటి ఓడలో గదులు సర్దే పనిలో ఉన్నాడు. తుండుగుడ్డను మడిచి ఏనుగు చేసి పరుపు మీద కూర్చోబెట్టడం నాకు చేసి చూపించాడు, తొండంతో సహా, నిమిషం పట్టలేదు. "బక్షీసు కన్నా నాకు చీటీ ముఖ్యం బాబాయ్" అన్నాడు. చీటీ అంటే ప్రయాణికుడు దిగేటప్పుడు నింపే అభిప్రాయ పత్రం. "అందులో నా పేరు స్పెల్లింగ్ తప్పు లేకుండా రాస్తే వచ్చే కాంట్రాక్టు ఖాయం. లేకపోతే వెయ్యి గదులు సర్దినా నేను ఎవరికీ తెలియను." 2022లో కార్డీలియా వాళ్ళ ఓడ విశాఖ వచ్చినప్పుడు ఎక్కినవాళ్ళు మన పాఠకుల్లో ఉండే ఉంటారు. మీ గది సర్దిన మనిషి పేరు గుర్తుందా?

కార్పేథియా చివరి సంగతి చెప్పి ఆపుతాను. 1918 జులై 17న, లివర్‌పూల్ నుంచి బోస్టన్ వెళుతుండగా, ఐర్లాండ్‌కు పడమట జర్మన్ జలాంతర్గామి యు-55 దాని మీద టార్పెడోలు వేసింది. రెండోది ఇంజన్ గదిలో పేలింది. ప్రయాణికులందరూ పడవల్లో క్షేమంగా దిగారు. పోయినవాళ్ళు ఐదుగురు. ముగ్గురు కొలిమివాళ్ళు, ఇద్దరు బొగ్గు మోసేవాళ్ళు.

(వచ్చే వారం: రంగూన్ డెక్ టిక్కెట్టు)